డోరేమాన్ గెలిస్తే, ఇక డోరేమాన్ ఎందుకు?

జపాన్ కార్టూన్ డోరేమాన్ చూస్తూ పెరిగిన పిల్లలు ఏదో ఒక వయసులో ఈ ప్రశ్న అడుగుతారు. కథలోని పిల్లాడు నోబితా ముందు రాసిపెట్టినట్టు జైకోను కాకుండా, తనకిష్టమైన షిజుకాను పెళ్లి చేసుకుంటే, అతని మనవడికి మనవడైన సెవాషి ఎలా పుడతాడు? పెద్దవాళ్లు ‘కార్టూనే కదా, వదిలెయ్’ అంటారు. కానీ అంత తేలిగ్గా వదిలేసే ప్రశ్న కాదది. పట్టుకుని లాగితే దాని వెనక నుంచి ఇంకా ఇబ్బందిపెట్టే ప్రశ్న ఒకటి వస్తుంది. నోబితాను బాగుచేయడానికి భవిష్యత్తు నుంచి వచ్చిన రోబో పిల్లి డోరేమాన్ తనకు అప్పగించిన పనిలో పూర్తిగా గెలిస్తే, అసలు అతన్ని గతంలోకి పంపాల్సిన అవసరం ఎవరికుంటుంది?

నా దృష్టిలో ఈ రెండో ప్రశ్నే ఆ కథకు గుండెకాయ. దాని దగ్గరికి వెళ్లాలంటే ముందు మొదటిది దాటాలి.

ఫుజికో ఎఫ్. ఫుజియో అనే కలం పేరుతో రాసిన హిరోషి ఫుజిమోటో ఈ మాంగాను, అంటే జపాన్ బొమ్మల కథను, షోగకుకాన్ సంస్థ నడిపిన పిల్లల పత్రికల్లో, 1970 జనవరి సంచికలతో మొదలుపెట్టారు. కొత్త సంవత్సరం రోజున నోబితా తన గదిలో హాయిగా ఉండగా, ఇంకో 30 నిమిషాల్లో అతను ఉరికి వేలాడతాడని, 40 నిమిషాల్లో మంటల్లో కాలతాడని ఒక గొంతు జోస్యం చెబుతుంది. ఆ వెంటనే చదువుకునే బల్ల సొరుగులోంచి ఒక రోబో పిల్లి పైకి లేస్తుంది. జోస్యాలు రెండూ నిజమవుతాయి, కాకపోతే నవ్వొచ్చేలా నిజమవుతాయి. కాసేపటికి అదే సొరుగులోంచి సెవాషి దిగుతాడు, చేతిలో ఒక ఆల్బమ్‌తో.

ఆ ఆల్బమ్ నోబితా భవిష్యత్తు. తనను ఎప్పుడూ కొట్టే జియాన్ చెల్లెలు జైకోతో పెళ్లి, ఇంటినిండా పిల్లలు, ఎక్కడా ఉద్యోగం దొరక్క సొంతంగా పెట్టుకున్న కంపెనీ, బాణసంచా కాల్చబోయి ఆ కంపెనీకే నిప్పంటించడం, దివాలా, ఇంటిమీదికి వచ్చే అప్పులవాళ్లు. ఆ అప్పు వందేళ్లు గడిచినా తీరలేదు. కొత్త సంవత్సరం కానుకగా సెవాషికి ఇంట్లో ఇచ్చింది 50 యెన్లు. అందుకే అతను తమ దగ్గరున్న రోబోను ముత్తాతల కాలానికి తీసుకొచ్చాడు. నోబితా బాగుపడితే వంశమంతా బాగుపడుతుందని వాడి లెక్క.

పిల్లలు అడిగే ప్రశ్నను ఇక్కడ నోబితాయే అడుగుతాడు. నా జాతకం మారితే నువ్వు పుట్టవు కదా అని. సెవాషి జవాబు జపాన్‌లో చాలామందికి కంఠతా వచ్చు. టోక్యో నుంచి ఒసాకా వెళ్లడానికి రకరకాల వాహనాలున్నాయి, ఏది ఎక్కినా వెళ్లే దిక్కు సరైనదైతే ఒసాకానే చేరతాం అంటాడు. నోబితా ఎవర్ని పెళ్లి చేసుకున్నా వంశం సెవాషి దగ్గరికే వస్తుందని దాని అర్థం.

చెవికి ఇంపుగానే ఉంటుంది. లెక్క వేస్తే నిలవదు.

మనవడికి మనవడు అంటే నాలుగు తరాల దూరం. ఎవరికైనా ఆ తరంలో పెద్దలు 16 మంది ఉంటారు. వాళ్లలో నోబితా ఒకడు. అంటే సెవాషిలో నోబితా నుంచి వచ్చిన జన్యువుల వాటా సగటున పదహారో వంతు, ఆరు శాతం పైచిలుకు. జైకో వాటా కూడా అంతే. జైకో బదులు షిజుకా వస్తే ఆ ఆరు శాతమే మారుతుంది, మిగిలిన 14 మంది వాళ్లే ఉండొచ్చు కదా అనిపిస్తుంది. కొందరు అభిమానులు ఇంకో అడుగు ముందుకేసి, జైకో వంశంలో పుట్టినవాళ్లెవరో తర్వాతి తరాల్లో నోబితా వంశంలోకి పెళ్లి చేసుకుని వస్తే ఆ ఆరు శాతం కూడా దొడ్డిదారిన వచ్చేస్తుందని వాదిస్తారు. తెలివైన వాదనే. చిక్కు ఎక్కడంటే, శాతాలు సరిపోయినంత మాత్రాన అదే మనిషి పుట్టడు. ఒకే తల్లిదండ్రులకు పుట్టిన అన్నదమ్ములే వేరువేరు మనుషులు. మరి తల్లే మారినప్పుడు నోబితాకు పుట్టే కొడుకు ఇంకెవరో అవుతాడు. ఆ ఇంకెవరో అదే అమ్మాయిని, అదే ఏడాది పెళ్లాడి, అదే క్షణంలో బిడ్డను కనాలి. ఇలా వరసగా నాలుగు తరాలు జరగాలి. బండి మారితే ప్రయాణికుడు మారడు. తల్లి మారితే మారిపోయేది ప్రయాణికుడే.

కాబట్టి ఆ జవాబు శాస్త్రం కాదు, ధైర్యం చెప్పడం. సెవాషి వయసు చూడండి, వాడింకా పిల్లాడు. తన పుట్టుకనే పణంగా పెట్టి, ఏం కాదులే అని నవ్వుతూ చెబుతున్నాడు. అభిమానుల చర్చల్లో ఈ కోణం పెద్దగా కనిపించదు. అందరి దృష్టీ లాజిక్ మీదే.

ఇప్పుడు రెండో ముడి. డోరేమాన్ కృషి ఫలించి నోబితా అప్పులు చేయలేదనుకుందాం. సెవాషి సుఖంగా పెరుగుతాడు. కానుకగా 50 యెన్లు కాదు, కావలసినంత దొరుకుతుంది. అప్పుడు వాడికి గతాన్ని బాగుచేయాలన్న ఆలోచన ఎందుకొస్తుంది? రాకపోతే డోరేమాన్ గతానికి వెళ్లడు. వెళ్లకపోతే నోబితా మళ్లీ కంపెనీ తగలబెడతాడు. సెవాషి మళ్లీ పేదవాడవుతాడు, డోరేమాన్‌ను మళ్లీ పంపుతాడు. ఇలా తిరుగుతూనే ఉంటుంది. కాలప్రయాణం గురించి మాట్లాడేవాళ్లు తాతను చంపడానికి వెళ్లిన మనవడి ఉదాహరణ చెబుతారు, గ్రాండ్‌ఫాదర్ పారడాక్స్ అంటారు. ఇది దానికి మెత్తటి రూపం. ఇక్కడ మనవడు తాతను చంపడానికి కాదు, ఉద్ధరించడానికి వెళ్లాడు. ముడి మాత్రం అదే.

ఈ ముడిలో అందరికంటే ఇరుక్కుపోయింది డోరేమాన్. 2112 సెప్టెంబర్ 3న ఫ్యాక్టరీలో తయారైన ఈ రోబో ఎత్తు 129.3 సెంటీమీటర్లు, బరువు 129.3 కిలోలు, శక్తి 129.3 హార్స్‌పవర్. అప్పటి జపాన్‌లో నాలుగో తరగతి పిల్లల సగటు ఎత్తు ఆధారంగా తీసుకున్న అంకె అది, అందుకే నోబితాను పైనుంచి కిందికి చూడాల్సిన అవసరం అతనికి రాదు. అతని చెల్లెలు డోరామి శక్తి 10,000 హార్స్‌పవర్. ఇద్దరికీ ఒకే డబ్బాలోని నూనె పోశారట. పైన తేలిన పలచటి నూనె అన్నకు పడింది, అడుగున పేరుకున్న చిక్కటి సారం చెల్లెలికి దక్కింది. మొత్తానికి డోరేమాన్ సెకండ్ క్లాస్ సరుకు. పేద కుటుంబం కాబట్టి అలాంటి రోబో వాళ్లింట్లో ఉంది. ఇల్లు బాగుపడితే ఇలాంటి రోబోతో వాళ్లకు పనే లేదు. తను రావడానికి కారణమైన దాన్నే చెరిపేయడం అతని డ్యూటీ. నోబితాకు వంద మార్కులు వచ్చిన ప్రతిసారీ (ఎప్పుడో గానీ రావనుకోండి) డోరేమాన్ అక్కడుండాల్సిన అవసరం ఒక పిసరు తగ్గుతుంది.

కాలప్రయాణ కథల్లో ఈ ముడి విప్పడానికి స్థూలంగా మూడు దారులున్నాయి. గతం మార్చితే మారుతుంది, భవిష్యత్తు దానికి తగ్గట్టు సర్దుకుంటుంది అన్నది ఒకటి. గతాన్ని మార్చలేం, నువ్వు వెనక్కి వెళ్లి చేసిందంతా మొదటినుంచీ జరిగినదాంట్లో భాగమే అన్నది రెండోది. రష్యన్ భౌతిక శాస్త్రవేత్త ఇగోర్ నోవికోవ్ 1980ల్లో ప్రతిపాదించిన సూత్రం దాదాపు ఇదే చెబుతుంది. మార్చిన చోట ప్రపంచం రెండుగా చీలుతుంది, పాతది పాతదిగానే కొనసాగుతుంది అన్నది మూడోది. దీన్ని ఇష్టపడేవాళ్లు 1957లో హ్యూ ఎవరెట్ చెప్పిన బహుళ ప్రపంచాల వ్యాఖ్యానాన్ని గుర్తుచేస్తారు.

ఫుజిమోటో వీటిలో ఏది ఎంచుకున్నారు? మూడూ. విమర్శకులు పట్టుకోవాల్సిన లోపమిదే. నేను మాత్రం దీన్ని లోపంగా చూడలేను. ఏ కథలో ఏ నియమం వాడారో వరసగా గమనిస్తే, ఆ స్నేహాన్ని ఎక్కువ ఇరకాటంలో పెట్టే నియమమే ప్రతిసారీ కనిపిస్తుంది.

రెండో నియమానికి హాస్యరూపం ఒక చిన్న కథలో ఉంది. నోబితాకు కొండంత హోంవర్క్ ఉంటుంది. ఒక్కడివల్ల కాదని డోరేమాన్ టైమ్ మెషిన్‌లో రెండు గంటల తర్వాతి డోరేమాన్‌ను, నాలుగు, ఆరు, ఎనిమిది గంటల తర్వాతి డోరేమాన్‌లను లాక్కొస్తాడు. అయిదుగురైతే పని చిటికెలో అయిపోతుందని ప్లాన్. వచ్చినవాళ్లు ఒకరిని మించి ఒకరు చిరాగ్గా, నిద్ర లేక తూలుతూ ఉంటారు. వాళ్లలో వాళ్లకు కొట్లాట. ఎలాగో హోంవర్క్ పూర్తిచేసి డోరేమాన్ పడుకోబోతే, రెండు గంటల కిందటి తానే వచ్చి కాలు పట్టి లాగుతాడు. నోబితాకు సాయం చేయడానికి అయిదుగురు రాలేదు, ఒక్కడే అయిదుసార్లు చాకిరీ చేశాడు. టైమ్ మెషిన్ పనిని తగ్గించలేదు, అప్పుగా ముందుకు నెట్టింది. నవ్వించే ఈ కొన్ని పేజీల్లో నోవికోవ్ సూత్రం పిల్లలకు అర్థమైనంత బాగా పాఠ్యపుస్తకాల్లో పెద్దలకు అర్థం కాదేమో.

ఇదే నియమం 1984లో వచ్చిన డోరేమాన్ సినిమాలో భయపెట్టే రూపం దాల్చింది. కోరింది నిజం చేసే ‘ఒకవేళ’ పెట్టెలోకి వెళ్లి, మంత్రాలు పనిచేసే లోకం కావాలని నోబితా అడుగుతాడు. ఆ లోకం వస్తుంది. దానితోపాటు దాన్ని మింగేయడానికి దూసుకొస్తున్న రాక్షస లోకమూ వస్తుంది. కానీ అంతకుముందే, సినిమా మొదట్లోనే, నోబితా ఇంటి దగ్గర ఒక రాతిబొమ్మ దొరుకుతుంది. అచ్చం డోరేమాన్‌లాగే ఉంటుంది. తర్వాత నోబితా బొమ్మా కనిపిస్తుంది. ఎవరు చెక్కారో అర్థం కాక వాళ్లు తికమకపడతారు. సగం కథ నడిచాక తెలుస్తుంది, అవి బొమ్మలు కావు. రాక్షసుల చేతిలో ఓడి, ఆ కోరిక కోరకుండా తమను తామే ఆపుకుందామని ఇద్దరూ టైమ్ మెషిన్‌లో వెనక్కి పారిపోతుంటే, మెడూసా అనే రాక్షసి వెంటాడి రాళ్లుగా మార్చేసింది. ఆ రాళ్లే వచ్చి మొదటి రోజున పడ్డాయి.

తమ ఓటమిని తామే కళ్లారా చూశారు, గుర్తుపట్టలేకపోయారు. ఇక్కడ గతాన్ని మార్చే ప్రయత్నమే గతంలో భాగమైపోయింది. ఇద్దరూ ఒకరి పక్కన ఒకరు రాయై ఉండటం తప్ప చేయగలిగింది లేదు. బయటినుంచి మూడో మనిషి, అంటే డోరామి, వచ్చి కాపాడితే తప్ప ఆ వలయం తెగదు.

అసలు పరీక్ష ఆ తర్వాత వస్తుంది. డోరామి తన దగ్గరున్న ఇంకో ‘ఒకవేళ’ పెట్టె తీస్తుంది. లోకాన్ని మామూలుగా మార్చమని అడిగితే సరిపోతుంది, ఇంటికెళ్లి భోంచేయొచ్చు. నోబితాకు అనుమానం వస్తుంది, మరి ఆ మంత్రాల లోకంలో పరిచయమై, అక్కడే చిక్కుకుపోయిన మియోకో అనే అమ్మాయి సంగతేమిటని. ఆ లోకం సమాంతరంగా అలాగే కొనసాగుతుందని డోరామి చెబుతుంది. అంటే నియమం ఒక్క వాక్యంలో రెండోదాన్నుంచి మూడోదానికి మారిపోయింది. కఠినంగా చూస్తే ఇది మోసమే. కథలో దాని ఫలితం వేరు. మొదటి నియమం వర్తిస్తే పెట్టెలో ఒక మాట చెప్పగానే అందరి కష్టాలూ చెరిగిపోతాయి, ఎవరూ ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు. మూడో నియమంలో ‘ఇంటికి పోదాం’ అనడానికి అర్థం ‘ఆ అమ్మాయిని అక్కడే వదిలేద్దాం’ అని. పిరికివాడని పేరుపడ్డ నోబితా వెళ్లనంటాడు. డోరేమాన్ పక్కనే నిలబడతాడు. సమాంతర లోకాల ఊహ ఎన్నో కథల్లో తప్పించుకునే దారిగా వాడతారు, ఇందులో అది తప్పించుకునే దారిని మూసేసింది.

పోలిక కోసం అమెరికన్ కార్టూన్ ఒకటి చెప్పుకోవచ్చు. 2012లో డిస్నీ చానల్‌లో మొదలైన ‘గ్రావిటీ ఫాల్స్’లో డిప్పర్, మేబెల్ కవలలు. తిరునాళ్లలో డిప్పర్ విసిరిన బంతి అతను ఇష్టపడే వెండీ కంటికి తగిలి, ఆమె వేరే అబ్బాయికి దగ్గరవుతుంది. కాలంలో వెనక్కి తీసుకెళ్లే కొలత టేపు ఒకటి దొరకడంతో డిప్పర్ మళ్లీ మళ్లీ ఆ రోజుకే వెళ్లి, చివరికి బంతి తగలకుండా గెలుస్తాడు. కానీ ఆ గెలుపున్న రోజులో మేబెల్‌కు తన పంది పిల్ల వాడిల్స్ దక్కదు. ఆమె దుఃఖం చూసి అతను ఇంకోసారి వెనక్కి వెళ్లి, కావాలనే బంతి వెండీకి తగలనిస్తాడు. ఇది మొదటి నియమం, నిక్కచ్చిగా వాడారు. ఒకరు గెలిచే రోజులో ఇంకొకరు ఓడాలి, త్యాగం ఒక్కసారి చేస్తే సరిపోతుంది. డోరేమాన్ కథలో అలా ఒక్క రోజుతో తేలే బేరం లేదు. స్నేహం మొత్తానికే గడువు ఉంది.

ఆ గడువు సంగతి ఫుజిమోటోకు మొదటినుంచీ తెలుసు, దానికి ఆయన పత్రికలూ ఒక కారణం. షోగకుకాన్ పత్రికలు తరగతుల వారీగా వచ్చేవి. మొదట్లో డోరేమాన్ నాలుగో తరగతి పత్రిక వరకే ఉండేది. జపాన్‌లో బడి సంవత్సరం ఏప్రిల్‌లో మొదలవుతుంది, కాబట్టి నాలుగో తరగతి పిల్లలకు మార్చి సంచికే చివరిది. ఆ తర్వాత వాళ్లకు డోరేమాన్ ఉండడు. వీడ్కోలు చెప్పాలి. అలా మొదలుపెట్టి ఆయన వీడ్కోలు కథలు ఒకటి కాదు, మూడు రాశారు. నన్నడిగితే ఈ మూడింటినీ వరసగా చదవడమే డోరేమాన్‌ను అర్థం చేసుకోవడానికి దగ్గరి దారి.

1971 మార్చి కథలో కారణం చట్టం. భవిష్యత్తునుంచి వచ్చే టూరిస్టులు గతంలో చేసే ఆగడాలు మితిమీరి, కాలప్రయాణాన్నే నిషేధిస్తారు. డోరేమాన్ వెళ్లిపోక తప్పదు. ఇద్దరి తప్పూ లేదు, ఇద్దరి ఇష్టంతోనూ పనిలేదు. సరిహద్దు మూసేశారు, అంతే. ఇక్కడ ఒక చిన్న తమాషా ఉంది. 1980 డోరేమాన్ సినిమాలో టైమ్ పెట్రోల్ అనే కాల పోలీసులు డైనోసార్ల వేటగాళ్లను పట్టుకుంటారు, గతంతో చెలగాటమాడటం నేరమని. మరి వంశ చరిత్రనే తిరగరాయడానికి వచ్చిన సెవాషిని ఒక్క పోలీసూ అడగడు.

1972 మార్చి కథలో కారణం బయటిది కాదు. తను పక్కనుంటే నోబితా ఎప్పటికీ తన కాళ్లమీద నిలబడలేడని డోరేమాన్‌కు అర్థమవుతుంది. మొహం మీద చెప్పలేక, తను చెడిపోయానని, రిపేరుకు భవిష్యత్తుకు వెళ్లాలని అబద్ధమాడతాడు. నోబితా ఏడవడు, నువ్వు బాగవుతావంటే నేను ఓర్చుకుంటా అంటాడు. ఆ మాటకు తట్టుకోలేక డోరేమాన్ నిజం చెప్పేస్తాడు. తర్వాత నోబితా పడుతూ లేస్తూ సైకిల్ నేర్చుకుంటుంటే, డోరేమాన్ భవిష్యత్తులోంచి చూస్తుంటాడు. కాలయంత్రం ఇక రవాణాకు కాదు, చూడటానికి మాత్రమే. దిగి వెళ్లి పట్టుకోగలిగీ పట్టుకోకపోవడమే అతనికి పరీక్ష.

మూడోది 1974 మార్చిలో, మూడో తరగతి పత్రికలో వచ్చింది. అందరికీ తెలిసినది ఇదే. డోరేమాన్ వెళ్లే ముందు రాత్రి, నిద్రలో నడిచే జియాన్ నోబితాకు ఎదురై కొడతాడు. డోరేమాన్‌ను పిలవబోయి నోబితా నోరు నొక్కుకుంటాడు. తన బలంతోనే గెలవకపోతే డోరేమాన్ నిశ్చింతగా వెళ్లలేడని దెబ్బలు తింటూ లేస్తూనే ఉంటాడు, చివరికి జియానే విసిగి వదిలేస్తాడు. పొద్దున్నకు డోరేమాన్ ఉండడు. గమనించాల్సిందేమిటంటే ఈ కథలో డోరేమాన్ ఎందుకు వెళ్తున్నాడో కారణం చెప్పరు. చట్టం లేదు, అబద్ధం లేదు. వెళ్లాలి, అంతే. పని పూర్తయిందని ఎవరూ ప్రకటించరు, నోబితా దెబ్బలు తిని దాన్ని నిజం చేస్తాడు.

మరుసటి నెల, అంటే అదే పిల్లలు నాలుగో తరగతిలోకి వచ్చాక, డోరేమాన్ తిరిగొచ్చాడు. ఏ దారిన వచ్చాడన్నది చూడాలి. ఏప్రిల్ ఒకటిన జియాన్ వాళ్లు డోరేమాన్ వచ్చాడని నోబితాను ఏడిపిస్తారు. వాళ్ల మీద కసి తీర్చుకోవడానికి నోబితా డోరేమాన్ వదిలి వెళ్లిన మందొకటి తాగుతాడు. అది తాగినవాడు ఏది చెబితే దానికి వ్యతిరేకం జరుగుతుంది. ఇంటికొచ్చి, దిగులుతో, డోరేమాన్ ఇక రాడు, మళ్లీ కలవలేను అని తన నోటితో అనేస్తాడు. పైకి వెళితే డోరేమాన్ ఉంటాడు. ఎవరూ టైమ్ మెషిన్ నడపలేదు, ఎవరూ చరిత్ర మార్చలేదు. ఓటమిని ఒప్పుకున్న మాటే అబద్ధంగా మారింది. కాలం గురించి ఇన్ని నియమాలు కట్టిన రచయిత, ఇద్దరినీ మళ్లీ కలపాల్సి వచ్చేసరికి వాటన్నిటినీ పక్కన పెట్టేశారు. ఈ కథను మించిన కొనసాగింపు ఆయన మిగతా పనిలో నాకు కనిపించదు.

2014లో వచ్చిన త్రీడీ సినిమా ‘స్టాండ్ బై మీ డోరేమాన్’ ఈ కథలన్నిటినీ ఒకే తాడుకు గుచ్చింది. దాంతో ఫుజిమోటో చెప్పకుండా వదిలేసినదానికి కారణం చెప్పాల్సి వచ్చింది. అందుకే ఒక ప్రోగ్రామ్‌ను కనిపెట్టారు. నోబితా సుఖపడేదాకా డోరేమాన్ వెనక్కి వెళ్లలేడు, వెళ్లాలంటే షాక్ కొడుతుంది. సుఖపడ్డాక 48 గంటల్లో వెళ్లి తీరాలి. లాజిక్ పరంగా చక్కగా కుదిరింది. పని, గడువు, తాళం అన్నీ స్పష్టం. కానీ 1974 కథలో కారణం లేకపోవడంలో ఉన్న బరువు ఇందులో తగ్గింది. కారణం లేకుండా వెళ్లడం వేరు, షాక్ కొట్టే యంత్రం పంపిస్తే వెళ్లడం వేరు.

అయితే ఆ సినిమాలో ఇంకో చోట గొప్ప సంగతి ఉంది. చిన్న నోబితా భవిష్యత్తుకు వెళ్లి పెద్దయిన తనను కలుస్తాడు. డోరేమాన్‌ను చూస్తావా, పిలుస్తాను అంటాడు. పెద్ద నోబితా వద్దంటాడు. డోరేమాన్ నా చిన్నప్పటి స్నేహితుడు అంటాడు. కాలయంత్రం ఎదురుగా ఉంది, స్నేహితుడు కొన్ని అడుగుల దూరంలో ఉన్నాడు, అయినా కలవడు. ఎందుకన్నది సినిమా వివరించదు. నాకు తోచింది ఇది. ఆ డోరేమాన్‌కు ఇంకా పని పూర్తికాలేదు, తను ఎలా వెళ్లిపోతాడో తెలియదు. ఆ వీడ్కోలు జ్ఞాపకం ఉన్నవాడు ఎదురుపడి నవ్వుతూ పలకరిస్తే అది అబద్ధం అవుతుంది, ఏడిస్తే ముగింపు ముందే చెప్పేసినట్టవుతుంది. నోబితా నానమ్మను చూడటానికి గతంలోకి వెళ్లే కథలోనూ ఇలాంటి నిగ్రహమే ఉంది. బడికి వెళ్లే మనవణ్ణి చూడాలన్న ఆమె కోరిక తీర్చడానికి బ్యాగు తగిలించుకుని వస్తాడు గానీ, ఆమె చావు జోలికి కథ వెళ్లదు. అప్పుల చరిత్రను మార్చొచ్చు, ఆమె పోవడాన్ని మార్చే ఆలోచనే రాదు.

ఫుజిమోటో 1996 సెప్టెంబర్‌లో చనిపోయారు. చివరి ముగింపు అంటూ ఒకటి రాయలేదు. ఆ ఖాళీని అభిమానులు నింపారు. 1990ల చివర్లో జపాన్ ఇంటర్నెట్‌లో ఒక ముగింపు పాకింది, తర్వాత దాన్ని ఒకరు కామిక్‌గా గీసి అమ్మారు, ప్రచురణకర్తలు అభ్యంతరం చెప్పేదాకా వ్యవహారం వెళ్లింది. కథ ఇది. డోరేమాన్ బ్యాటరీ అయిపోతుంది. కొత్తది వేస్తే జ్ఞాపకాలన్నీ పోతాయి, ఎందుకంటే పిల్లి రోబోల బ్యాకప్ చెవుల్లో ఉంటుంది, డోరేమాన్‌కు చెవుల్లేవు. నోబితా పట్టుబట్టి చదివి, పెద్ద శాస్త్రవేత్తయి, జ్ఞాపకాలు పోకుండా అతన్ని మళ్లీ నడిపిస్తాడు. డోరేమాన్‌ను సృష్టించినది ఎవరో కాదు, నోబితాయే అని తేలుతుంది.

ఎంతమంది దీన్ని చదివి ఏడ్చారో చెప్పలేం. అసలు ముగింపు ఇదేనని నమ్మినవాళ్లూ ఉన్నారు. లాజిక్ పరంగా ఇది రెండో ముడిని ఒక్క వేటుతో తెంపేస్తుంది. డోరేమాన్‌ను పంపడానికి సెవాషి పేదరికం అక్కర్లేదు. నోబితా అతన్ని చేశాడు, అతను నోబితాను చేశాడు, వలయం మూసుకుంది. కాకపోతే ఆ వలయంలో మొదలు ఎక్కడా లేదు. డోరేమాన్‌ను ఎలా చేయాలో నోబితాకు డోరేమాన్ వల్లే తెలిసింది. పైగా సున్నా మార్కుల నోబితాను మేధావిని చేయాల్సి వచ్చింది. మొదటి కథలో డోరేమాన్ వచ్చింది అతన్ని గొప్పవాణ్ణి చేయడానికి కాదు, అప్పుల్లో కూరుకుపోకుండా చూడటానికి.

అయినా ఆ ముగింపును నిజంగా ఒప్పుకుంటే, దాన్ని రాసినవాళ్లు తొక్కకుండా వదిలేసిన ఒక మెట్టుంది. నోబితాకు ఇప్పుడు బోలెడంత తెలివి ఉంది. 10,000 హార్స్‌పవర్‌తో చేయగలడు. కానీ అలా చేస్తే సొరుగులోంచి వచ్చేది తనకు తెలిసిన డోరేమాన్ కాదు. వలయం కుదరాలంటే 129.3 దగ్గరే ఆపాలి. పలచటి నూనే పోయాలి. ఎలుకలంటే వణికే ఆ భయం అతనికి పట్టుకోవాలంటే, ఒక రోబో ఎలుక వచ్చి చెవులు కొరుకుతుందని తెలిసీ దాన్ని ఆపకూడదు. తన స్నేహితుణ్ణి లోపాలతో సహా, కావాలని, చేతులారా తయారుచేయాలి. నోబితా ఆ పని చేయగలడా అని అడిగితే, చేయగలడనే అంటాను. చెవుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం చేతులు వణుకుతాయి.